అద్దాలు మూసిన కారు

మా వదినకు వాసన తెలియదన్న సంగతి రెండేళ్ళపాటు ముగ్గురికే తెలుసు. ఆమెకు, మా అన్నయ్యకు, నాకు. ఆ మూడో మనిషిని నేను కాకపోయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

వదిన కార్ల మెకానిక్. వీధిలో అందరూ మేస్త్రమ్మ అంటారు. షెడ్డు వాళ్ళ నాన్నది. కొడుకులు లేక కూతురికి పని నేర్పాడని కొత్తవాళ్ళు అనుకుంటారు గాని ఆయనకు ఇద్దరు కొడుకులున్నారు. ఇద్దరికీ చేతికి నూనె మరక అంటితే ఆ పూట అన్నం సయించదు. ఈమెకు మాత్రం ఏడేళ్ళప్పటినుంచీ కారు కింద దూరి నాన్నకు పానాలందించడమే ఆట. పెళ్ళికి ముందు మా అమ్మ "వంట వచ్చా" అని అడిగితే, "రాదండీ, గేర్‌బాక్స్ విప్పి బిగిస్తాను" అందట. అన్నయ్య ఆ మాటకే పడిపోయాడు. గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలు కుట్టడం అతని ఉద్యోగం. ఇంట్లో వంట కూడా అతనిదే. నేను షెడ్డు పక్క గదిలో వెల్డింగ్ చేస్తాను. వదిన దగ్గరికొచ్చే బండ్లలో రేకు అతకాలన్నా, గొట్టం కోయాలన్నా నన్నే పిలుస్తుంది.

రెండేళ్ళ కిందట ఆమెకు జ్వరమొచ్చి పది రోజులు మంచం పట్టింది. లేచి తిరుగుతున్న మూడోనాడు పొయ్యి మీద పాలు మాడి గిన్నె నల్లగా అయిపోతుంటే, ఆ పొయ్యి పక్కనే నిలబడి గుడ్డతో ప్లగ్గు తుడుచుకుంటోంది. అన్నయ్య వీధిలోంచి పరుగెత్తుకొచ్చి గిన్నె దించాడు. "వాసన రాలేదా?" అంటే, "దేనిది?" అంది. ఆరు నెలల్లో తిరిగి రావచ్చన్నాడు డాక్టరు. రాకపోనూ వచ్చన్నాడు. రాలేదు.

వేరే పని చేసే మనిషైతే పెద్ద నష్టం కాదేమో. మెకానిక్కుకు ముక్కు సగం చదువు. క్లచ్చి కాలితే ఒక వాసన, పెట్రోలు మండకుండా పోతుంటే ఒక వాసన, రేడియేటరు కారితే తియ్యటి వాసన. వాళ్ళ నాన్న బానెట్ ఎత్తకుండానే రోగం చెప్పేవాడు. ఈ సంగతి బయటికి పొక్కితే షెడ్డుకు ఎవరూ రారని వదిన భయం. అందుకని బండి తెచ్చిన ప్రతి మనిషినీ "ఏమైనా వాసనొచ్చిందా సార్" అని అడగడం మొదలుపెట్టింది. వాళ్ళు అదంతా శ్రద్ధ అనుకునేవాళ్ళు. మరీ అనుమానమొస్తే "వెల్డరు గారూ, ఒకసారి ఇలా దయచేయండి" అని నన్ను పిలిచేది. నేను వెళ్ళి బానెట్ మీదికి వంగి, పెట్రోలు వాసనైతే ఎడమ చెవి, కాలిన నూనె అయితే కుడి చెవి గోక్కునేవాణ్ణి. వచ్చినవాళ్ళు నాకేదో చర్మవ్యాధి ఉందనుకుని ఉంటారు. "ముక్కు పోయింది గాని ముక్కు మీద కోపం మాత్రం పోలేదు" అని అన్నయ్య ఆమెను ఆటపట్టించేవాడు. అలా నవ్వుకుంటూనే రెండేళ్ళు గడిపేశాం.

వానలు మొదలైన పది రోజులకు సర్వేయర్ గారు తన నీలం కారు తెచ్చారు. రిటైరై పన్నెండేళ్ళైంది. ఊళ్ళో సగం స్థలాలు ఆయన గొలుసుతో కొలిచినవే. కారు వయసు పంతొమ్మిది. కూతురు బట్టల మిల్లులో ఉదయం షిఫ్టు, అల్లుడు వేరే ఊళ్ళో ఉద్యోగం. అందుకని మనవరాల్ని బడిలో దించి తేవడం ఆయన వంతు. ఐదేళ్ళ పిల్ల. గువ్వ అని పిలిచేవారు.

"అమ్మాయ్, బండి లాగడం లేదు" అన్నారాయన. "కాలు మొత్తం నొక్కినా ములుగుతుందే తప్ప కదలదు. నిన్న వంతెన ఎక్కుతుంటే సైకిల్ వాడొకడు నన్ను దాటేసి, వెనక్కి తిరిగి నవ్వాడు."

"నిలబడి ఉన్నప్పుడు ఇంజను బాగానే తిరుగుతోందా?"

"అప్పుడు బుద్ధిమంతురాలే."

"చల్లగా ఉన్నప్పుడు ఎక్కువా, వేడెక్కాకా?"

"వేడెక్కాకే. బడి చేరేసరికి దానికి ప్రాణం కళ్ళలోకొస్తుంది."

"వాసనేమైనా వస్తోందా బాబాయ్ గారూ?"

"నలభై ఏళ్ళ నస్యం అమ్మాయ్. నా ముక్కు నాకంటే ముందే రిటైరైంది."

వదిన నవ్వింది. వెనక సీట్లోంచి గువ్వ తల బయటపెట్టి, "నాకొస్తుంది. తలనొప్పి వాసన" అంది.

"తలనొప్పికి వాసనేమిటే మొద్దూ" అన్నారు తాతగారు. అందరం నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వాను.

వదిన బానెట్ ఎత్తి ప్లగ్గులు విప్పింది. నాలుగింట్లో ఒకటి తడిసి నల్లగా ఉంది. దానికి కరెంటు అందించే కాయిల్ చచ్చిపోయింది. నాలుగు ఎద్దుల బండిని మూడే లాగుతున్నాయన్నమాట. కాయిల్, ప్లగ్గులు, గాలి ఫిల్టర్ మార్చింది. బండి వెంటనే కొంత చురుకైంది. పూర్తిగా కాదు. "పాత బండి, ఈ మాత్రం చాలు" అన్నారు సర్వేయర్ గారు. వదినకు చాలలేదని మొహం చూస్తే తెలుస్తోంది గాని, వెనక మరో రెండు బండ్లు నిలబడి ఉన్నాయి.

ఎనిమిది రోజులకు మళ్ళీ వచ్చారు. పొద్దున ఎనిమిదిన్నర, సన్నగా వాన, కారు అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. ఈసారి గువ్వ తల బయటపెట్టలేదు. వెనక సీట్లో ఒక పక్కకు ఒరిగి నిద్రపోతోంది.

"ఎక్కీ ఎక్కగానే నిద్ర, దిగగానే వాంతి" అన్నారాయన. "కారు పడని పిల్ల. ఇవాళ బడి మానిపించి ఇంటికి తీసుకెళ్ళిపోతాను."

వదిన పిల్లను ఎత్తుకెళ్ళి షెడ్డులో బల్ల మీద పడుకోబెట్టింది. పిల్ల బరువుగా, చేతులు వేలాడేసి, మెలకువ లేకుండా ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. "పిల్ల మంచి రంగు తేలింది" అన్నాను నేను. పావుగంటకు లేచి నీళ్ళడిగింది.

సర్వేయర్ గారు తాళాలు చేత్తో పట్టుకునే జేబుల్లో తాళాల కోసం వెతుక్కున్నారు. బండి ఎప్పుడిస్తావని మూడుసార్లు అడిగారు. వెళ్ళబోయి ఆగి, వదినతో గొంతు తగ్గించి అన్నారు:

"అమ్మాయ్, నీతో ఒకమాట. మొన్న పిల్లను దించడానికి వెళ్ళి, బడి దాటిపోయి రైలు గేటు దాకా పోయాను. ఎక్కడున్నానో తెలీలేదు. ఈ ఊరి దార్లన్నీ నా కాళ్ళతో కొలిచినవి. అట్లాంటిది ఏ దారో తోచలేదు." కాసేపు వాన వంక చూశారు. "మా నాన్నకు చివర్లో ఇట్లాగే మొదలైంది. మా అమ్మాయికి చెప్పకు."

చెప్పనని వదిన మాటిచ్చింది. తన రహస్యం తాను దాచుకునే మనిషి, ఎదుటివాళ్ళ రహస్యం అడగ్గానే దాచిపెడుతుంది.

ఆ రోజంతా ఆ బండితోనే కుస్తీ. పెట్రోలు పంపు ఒత్తిడి చూసింది, సరిగ్గా ఉంది. పెట్రోలు ఫిల్టర్ మార్చింది. గాలి లోపలికి పోయే దారి విప్పి కడిగింది. సిలిండర్లలో బలం చూసింది. ఎక్కడా తప్పు లేదు. అయినా బండిని పరుగెత్తించబోతే, ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకు లాగినట్టు ఆగిపోతోంది.

మధ్యాహ్నం నన్ను పిలిచింది. "మరిదీ, సైలెన్సర్ గొట్టం ఎక్కడైనా ఊగుతోందేమో చూసిపెట్టు."

కిందికి దూరాను. ఇంజను తిరుగుతోంది. ఇంజను వెనక రెండు గొట్టాలు కలిసే చోట నుంచి నేల రేకు మీదికి విసనకర్ర విప్పినట్టు నల్లటి మసి చిమ్మి ఉంది. వెనక సీటు కింద రేకులో ఒక కన్నానికి ఉండాల్సిన రబ్బరు బిళ్ళ లేదు. పొగకు కళ్ళు మండి నీళ్ళు కారాయి. ఒక్క నిమిషంకంటే ఉండలేక క్లాంపు బిగించి బయటికొచ్చేశాను.

"ఏమైనా ఉందా?" అంది.

నా గదిలో గేటు చట్రం సగం అతికి ఉంది. దాని యజమాని వచ్చి గడియారం చూసుకుంటున్నాడు. "ఏం లేదు, క్లాంపు వదులైంది, బిగించాను" అన్నాను. ఏ చెవీ గోక్కోలేదు. పాత బండి కింద పొగ వాసన రాక మల్లెల వాసన వస్తుందా అనుకున్నాను. అలా అనుకోవడంలో అబద్ధం లేదు. అందుకే అది నన్ను ఇప్పటికీ వదలదు.

ఆ తర్వాత వదిన ట్రయల్ కోసం బండి తీసింది. వాన జోరుగా పడుతుంటే అద్దాలెత్తుకుంది. అరగంటకు రావలసిన మనిషి ముప్పావుగంటకు కనిపించింది. షెడ్డు ముందునుంచే తిన్నగా వెళ్ళిపోయింది. వీధి చివర తిరిగి వచ్చి మళ్ళీ దాటిపోయింది. మూడోసారికి ఆపింది గాని దిగలేదు. ఇంజను తిరుగుతూనే ఉంది, ఆమె ఎదుటి గోడ చూస్తూ కూర్చుంది. నేను వెళ్ళి అద్దం మీద కొట్టాను.

"తల దిమ్ముగా ఉంది" అంటూ దిగింది. "రాత్రి నిద్ర చాలలేదేమో." చేతులు వణుకుతున్నాయి. మళ్ళీ జ్వరమొస్తోందని అన్నయ్య హడలిపోయి మాత్ర ఇచ్చాడు. గంటలో సర్దుకుంది.

నాలుగింటికి సర్వేయర్ గారి కూతురు షిఫ్టు దిగి నేరుగా వచ్చింది. జుట్టుకు ఇంకా దూది పీచు అంటుకుని ఉంది.

"అక్కా, ఈ బండి బాగవదని మా నాన్నకు చెప్పెయ్యండి" అంది.

"ఎందుకమ్మా?"

"ఆయనకు మతిమరుపు మొదలైంది. నాకు చెప్పట్లేదు గాని నాకు తెలుస్తోంది. మొన్న పక్కింటి గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. రోజూ పిల్ల ఆయన చేతిలోనే ఉంటుంది. తాళాలు ఇమ్మంటే ప్రాణం తీసినంత బాధపడతాడు. మీరంటే వింటాడు."

"డాక్టరుకు చూపించారా?"

"ఆదివారం తీసుకెళ్దామనుకుంటాను. ఆదివారం వచ్చేసరికి శుభ్రంగా ఉంటాడు. గువ్వకు ఎక్కాలు చెప్తాడు, పేపరంతా చదువుతాడు. సోమవారం పొద్దున మళ్ళీ మొదలు."

వదిన ఆ మాట విన్నది. అయితే అప్పటికింకా దాన్ని దేనితోనూ ముడిపెట్టలేదు. "అబద్ధం చెప్పలేనమ్మా. రెండు మూడు రోజులు ఆలస్యం చేస్తాను. ఈలోగా మీరు మాట్లాడుకోండి" అంది. ఆలస్యం అమృతం విషం అంటారు. ఇక్కడ విషం అంతకు ముందునుంచే ఉంది.

కూతురు వెళ్ళాక వదిన గోడ మేకుకు వేలాడుతున్న వాళ్ళ నాన్న వాక్యూమ్ గేజీ తీసింది. ఇంజను ఎంత గట్టిగా ఊపిరి పీలుస్తోందో చూపించే గుండ్రటి గడియారం లాంటిది. దాన్ని బిగించి, నన్ను యాక్సిలేటర్ సగానికి నొక్కి పట్టుకోమంది. ముల్లు మొదట నిటారుగా నిలబడింది. తర్వాత మెల్లగా, చాలా మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. నేను కాలు కదపలేదు. అయినా ముల్లు దిగుతూనే ఉంది. వదిన వెళ్ళి వెనక గొట్టం దగ్గర చెయ్యి పెట్టింది. ఊదినట్టు రావలసిన పొగ మూలిగినట్టు వస్తోంది.

"పీల్చుకోవడం కాదు, వదలడం చేతకావట్లేదు దీనికి" అంది. "సైలెన్సర్‌కి ముందు, పొగను వడకట్టే కన్వర్టర్ మూసుకుపోయింది. ఆ చచ్చిన కాయిల్ నెలల తరబడి మండని పెట్రోలు పంపించి దాన్ని లోపల కరిగించేసింది. నేను కాయిల్ మార్చి ఊరుకున్నాను. రేపు పొద్దున్నే కోసేద్దాం."

రోగం దొరికిన ఆనందంలో ఆ పూట మామూలుకంటే ఎక్కువ మాట్లాడింది. ఆలస్యం చేస్తానని కూతురికిచ్చిన మాట మరిచి, సర్వేయర్ గారికి ఫోన్ చేసి రేపు సాయంత్రం ఇస్తానంది. ఆయన సరేనన్నారు. షెడ్డులో వేరే బండి ఉండటంతో నీలం కారును బయట గోడ పక్కనే వదిలేశాం.

మర్నాడు ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురుస్తోంది. మేమిద్దరం ఎనిమిదింటికి వెళ్ళేసరికి కారు లేదు. అది నిలబడ్డ చోట నేల ఇంకా పొడిగా, కారంత పొడవున ఒక గుర్తులా ఉంది. వాన నీళ్ళు అంచుల నుంచి ఆ పొడిని తినేస్తున్నాయి. ఆయన దగ్గర రెండో తాళం ఉంది. అద్దె బండ్లేవీ రాకపోతే, బడికి వేళ మించిపోతోందని వచ్చి తీసుకెళ్ళారని తర్వాత తెలిసింది.

"ముసలాయన మాట వినడు" అని వదిన విసుక్కుంది. షెడ్డు తాళం తీస్తూ తీస్తూ ఆగిపోయింది.

"మరిదీ. దారి మూసుకుపోతే పొగ ఎటు పోతుంది?"

నేను కారు నిలబడ్డ పొడి చోటు వంక చూశాను.

"ఎక్కడో ఒకచోటినుంచి పోవాలి కదా. నిన్న కింద దూరావు. మసి ఉందా?"

"ఉంది."

"ఎక్కడ?"

"ఇంజను వెనక జాయింటు దగ్గర. నేల రేకంతా ఉంది. వెనక సీటు కింద కన్నానికి బిళ్ళ లేదు."

"వాసన?"

"కళ్ళు మండాయి వదినా. పాత బండే కదా అని…"

ఆమె నా మొహం వంక చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. "ఆదివారం బాగుంటాడట" అని తనలో తాను అనుకుంది. "పిల్ల ఎక్కగానే నిద్రపోతుంది. నిన్న నాకు నా షెడ్డే తెలీలేదు." అన్నిటికంటే పెద్ద పానా తీసుకుని, "బండి తియ్" అంది.

నా మోటార్ సైకిల్ మీద బయల్దేరాం. ఆమె వెనక కూర్చుని ఫోన్ చేస్తూనే ఉంది. మోగుతోంది, ఆయన ఎత్తడం లేదు. వాన మొహానికి రాళ్ళలా కొడుతోంది. వంతెన దగ్గరికి వచ్చేసరికి బండ్లు బారులు తీరి నిలబడి ఉన్నాయి. వంతెన అవతల నీళ్ళు నిలిచి లారీ ఒకటి ఆగిపోయిందట. ప్రతి బండికీ అద్దాలు మూసి ఉన్నాయి. ప్రతి ఇంజనూ తిరుగుతోంది.

మోటార్ సైకిల్ అక్కడే పడేసి పరుగెత్తాం. వంతెన ఎక్కే వాలులో ఒకచోట హారన్లు ఆగకుండా మోగుతున్నాయి. ముందున్న బండ్లు నాలుగైదు బారలు కదిలాయి, ఒక్క బండి మాత్రం కదలలేదు. నీలం కారు. అద్దాలకు లోపలనుంచి ఆవిరి పట్టి తెల్లగా ఉన్నాయి.

వదిన తలుపు లాగింది. రాలేదు. డ్రైవరు పక్క అద్దాన్ని పానాతో ఒక్క దెబ్బ కొట్టింది. వెనక బండివాడు దిగి "ఏయ్, ఏం చేస్తున్నావ్" అని అరుస్తూ వచ్చి, లోపల చూసి నోరు మూసుకున్నాడు. సర్వేయర్ గారు రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని, కళ్ళు తెరిచే ఉన్నారు. ఎవరో అతిథిని చూసినట్టు వదినను మర్యాదగా చూసి, "వంతెన ఇంకా రాలేదా అమ్మాయ్" అన్నారు.

గువ్వ వెనక సీటు మీదినుంచి కిందికి జారి, నేల మీద పడుకుని ఉంది. సరిగ్గా ఆ కన్నం ఉన్న చోట. వదిన లోపలికి దూరి పిల్లను బయటికి లాగి, వంతెన గట్టు మీద వానలోనే పడుకోబెట్టింది. పిల్ల మొహం ఎండలో ఆడుకొచ్చినట్టు గులాబీ రంగులో ఉంది. ఊపిరి ఉందో లేదో నాకు తెలియలేదు. వదిన చెవి పిల్ల నోటికి ఆనించి చాలాసేపు అలాగే ఉంది. తర్వాత "ఉంది" అంది.

నేను సర్వేయర్ గారిని దించి కూర్చోబెట్టాను. అరిచినతనే తన వ్యాను వెనక్కి తిప్పి మమ్మల్ని ఆసుపత్రికి చేర్చాడు.

ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. కంటికి కనబడని విషవాయువు రక్తంలోకి చేరిందనీ, బుగ్గల ఎరుపు దాని గుర్తేననీ, పిల్ల చిన్నది కాబట్టి, కింద ఉంది కాబట్టి ఎక్కువ పీల్చిందనీ డాక్టరు చెప్పాడు. బతుకుతుందని అనలేదు, బతకదనీ అనలేదు. చూద్దామన్నాడు.

కూతురు మిల్లునుంచి పరుగెత్తుకొచ్చింది. వదిన నడవలో ఆమెకు ఎదురెళ్ళి, తడి బట్టలతోనే నిలబడి చెప్పింది.

"నాకు వాసన తెలీదమ్మా. రెండేళ్ళైంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే మీ బండి ముట్టుకున్నాను. మీ పాప మొదటిరోజే చెప్పింది, మేం నవ్వాం."

నేను పక్కనే ఉన్నాను. మసి సంగతి వదిన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

కూతురు వార్డు తలుపు వంక, వదిన వంక మార్చి మార్చి చూసింది. ఆఖరికి, "అయితే నాన్నకు మతి పోలేదా?" అంది. అని, అలాగే గోడకు జారబడి నేల మీద కూర్చుండిపోయింది.

సర్వేయర్ గారు రెండో రోజుకే లేచి ఆసుపత్రి నడవను అంగలతో కొలవడం మొదలుపెట్టారు. పొడవు చెప్పి, గోడ వంకరగా కట్టారని నర్సుతో వాదించారు. గువ్వ ఆ రాత్రి గడిచాక కళ్ళు తెరిచింది. తల్లిని గుర్తుపట్టింది. అయితే మాటలు తారుమారయ్యాయి. నీళ్ళు కావాలంటే తలుపు కావాలనేది. చెప్పు తొడగమని గిన్నె చూపించేది. నెలన్నర అలాగే ఉంది. మూడో నెలకు ఒక్కొక్క మాటా తన చోటికి వచ్చింది. ఇక భయం లేదన్నాడు డాక్టరు. అందరం ఆ మాటను పట్టుకున్నాం, పట్టుకోక ఏం చేస్తాం.

పిల్ల ఇంటికొచ్చిన వారానికి మసి సంగతి నేనే వెళ్ళి కూతురికి చెప్పాను. ఆమె విని తలుపు వేసేసుకుంది. అది న్యాయమే. వదిన నెల రోజులపాటు నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. "వెల్డరు గారూ" అనే పిలుపు మళ్ళీ వినడానికి ఏడాది పట్టింది.

కారును వంతెన మీదినుంచి తాడు కట్టి లాక్కొచ్చాం. తుక్కుకు అమ్మేయమంది కూతురు. "అమ్మండి. అమ్మే ముందు బాగుచేసి తీరాలి. తుక్కువాడు తుక్కు చేస్తాడని ఏముంది, ఎవరో ఒకరు నడుపుతారు" అంది వదిన. కన్వర్టర్ నేనే కోశాను. లోపల తేనెపట్టులా సన్నటి గళ్ళుండాలి. గళ్ళు లేవు. అంతా కరిగి, బూడిదరంగు ముద్దలా గడ్డకట్టి ఉంది. దాంట్లోంచి వెలుతురు కూడా దూరదు. కొత్తది వేశాం. జాయింటుకు కొత్త గ్యాస్కెట్ బిగించాం. నేల కన్నానికి రబ్బరు బిళ్ళ కాకుండా రేకు పెట్టి అతికాను. వదిన గేజీ మళ్ళీ బిగించింది. ముల్లు నిలబడి, నిలబడ్డచోటే ఉంది. విషవాయువు చూపే చిన్న మీటరు ఒకటి కొని తెచ్చింది. అద్దాలన్నీ ఎత్తి, ఇంజను తిరుగుతుండగా మీటరు ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో గంటసేపు కూర్చుంది. వద్దని అన్నయ్య ఎంత మొత్తుకున్నా దిగలేదు. మీటరు సున్నా దాటలేదు.

తర్వాత వంతెన మీదికి తీసుకెళ్ళింది. నేను పక్కన కూర్చున్నాను. వాలు మొదలవగానే మూడో గేరులోనే నొక్కింది. పంతొమ్మిదేళ్ళ బండి వయసులో ఉన్నదానిలా ఎగబాకింది. ముందు పోతున్న బండ్లను రెంటిని దాటింది. "పికప్ వచ్చింది" అంది వదిన. రోగం కుదిరినప్పుడు ఆమె గొంతులో ఉండే పొంగు లేదు.

సర్వేయర్ గారు ఒక్కసారి నడిపి చూసి, తాళాలు కూతురికి ఇచ్చేశారు. మతి పోయి కాదు, తన ఇష్టప్రకారమే. గువ్వ ఇప్పుడు బడికి నడిచి వెళుతుంది, తాత చెయ్యి పట్టుకుని.

వదిన ఆ తర్వాత ఎవరు బండి తెచ్చినా ముందు ఒకటే మాట చెప్పేది. "నాకు వాసన తెలీదు. అది తెలిసే మీరు బండి వదలాలి." కొందరు తాళాలు వెనక్కి తీసుకుని వెళ్ళిపోయారు. ఆమె ఆపలేదు.

ఒకనాడు పాత ఫోన్ నంబర్ల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. జ్వరం వచ్చినప్పటినుంచి నీలం కారు వచ్చేదాకా తన చేతిమీదుగా వెళ్ళిన బండ్లు నూట అరవై రెండు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. రానివాళ్ళ ఇళ్ళకు నన్ను వెంటబెట్టుకుని మీటరుతో వెళ్ళింది. కొందరు వింతగా చూశారు, కొందరు విసుక్కున్నారు. నాలుగు నెలలు పట్టింది. ఒక బండిలో పెట్రోలు గొట్టం ఇంజను మీదికి కారుతోంది. ఇంకో దాంట్లో, ఒక గర్భిణి రోజూ ఆఫీసుకు వెళ్ళొచ్చే బండిలో, పొగ లోపలికి వస్తోంది. ఆమె తనకొచ్చే తలనొప్పి కడుపుతో ఉన్నందుకే అనుకుంటోంది. రెండూ వదిన దగ్గరుండి బాగుచేసింది.

నూట అరవై ఒకటి చూశాం. ఒక్కటి దొరకలేదు. బూడిదరంగు బండి. లాగడం లేదని వస్తే ఫిల్టర్ మార్చి పంపించింది. పొగ సంగతి ఆ రోజు చూసిందో లేదో ఆమెకు గుర్తు లేదు. దాని యజమాని ఎప్పుడో అమ్మేశాడు. కొన్నవాడు మళ్ళీ అమ్మాడు. ఆ తర్వాతి మనిషి ఫోన్ మోగదు. నంబరు ప్లేటు మాత్రం ఆమెకు కంఠతా వచ్చు. రోడ్డు మీద బూడిదరంగు బండి కనిపిస్తే చాలు, ఎంత దూరంలో ఉన్నా, చేస్తున్న పని వదిలేసి వెనక అంకెలు చదువుతుంది.

మొన్న కూడా చదివింది. అది కాదు.